తిరగేసి కుట్టిన బూట్లు

నా ఒంటికి కోపం ఎక్కువ. నాకూ తక్కువేం కాదని ఇంట్లోవాళ్ళు అంటారు గానీ, అది నేను నా ఒంటి దగ్గర నేర్చుకున్నదే. చొక్కా మెడ దగ్గర దర్జీ వదిలేసిన దారం ముడి ఒకటి ఉంటే చాలు, ఆ రోజంతా నాకు ఇంకో ధ్యాస ఉండేది కాదు. బళ్ళో మేస్టారు ఎక్కాలు చెబుతుంటే నాకు ఆ ముడి తప్ప ఏమీ వినపడేది కాదు. అలాగని నన్ను పిరికివాడనుకోకండి. వరి కోతల్లో కొడవలి గాటు పడి రక్తం కారుతుంటే ఏడవలేదు. కాలవ బురద, గట్టు మీద గరిక, ఎండకు కాలిన రోడ్డు, వీటితో నా పాదాలకు ఏనాడూ పేచీ లేదు. పేచీ అంతా కుట్టుతోనే. రెండు ముక్కలు కలిపి ఎక్కడ కుట్టారో సరిగ్గా అక్కడ నాకు ప్రాణాంతకం.

దానికి ఆ రోజుల్లో పేరు లేదు. ఉన్నవన్నీ ఎగతాళి మాటలే. "చాదస్తం" అన్నారు. "జమీందారు బిడ్డ పొరపాటున మన పేటలో పుట్టేడు" అన్నారు. మా మేనత్తయితే నేను బట్టలేసుకుంటుంటే పక్కన నిలబడి మరీ నవ్వేది. మా అమ్మ మాత్రం వాదన పెట్టుకోకుండా ఒక ఉపాయం కనిపెట్టింది. నాకు ఐదారేళ్ళప్పుడు ఒకరోజు బనీను తిరగేసి తొడిగింది. కుట్లన్నీ పైకి వచ్చేశాయి, నునుపు వైపు ఒంటికి తగిలింది. ఆ పూట నేను మారు అన్నం అడిగి తిన్నానట. అప్పటినుంచీ నా బనీన్లన్నీ తిరగేసే. పైన చొక్కా ఉండగా లోపల బనీను ఎటు తిరిగి ఉందో ఎవడు చూడొచ్చాడు?

మాది ముక్తేశ్వరం దగ్గర ఒక ఊరు. ఊరికి ఆనుకుని మా పేట. మా తాత ఆ ఊరి కామందుల దగ్గర పాలేరు. మా నాన్న మిషన్ బడిలో చదువుకుని, ఆ బడిలోనే మేస్టారయ్యారు. నేను డిగ్రీ పూర్తిచేసి, టైపు నేర్చుకుని, డెబ్భైల చివర్లో అమలాపురంలో ఒక బ్యాంకులో టైపిస్టుగా చేరాను. టైపు నాకు అబ్బడంలో వింతేమీ లేదు. కాళ్ళకున్న రోగమే వేళ్ళకూ ఉంది, వేళ్ళ దగ్గర మాత్రం అది వరమైంది. వేలు తప్పు మీట మీద ఆనగానే నాకు తెలిసిపోయేది, నొక్కేలోపే వెనక్కి తీసేవాణ్ణి.

ఆరు నెలలు ప్రొబేషను. అవి పూర్తయ్యాక ఏజెంటుగారు మంచి రిపోర్టు రాస్తేనే ఉద్యోగం ఖాయం. అప్పట్లో మా వైపు బ్యాంకు మేనేజరుని ఏజెంటుగారనే అనేవారు. ఈయన ఎక్కడో పెద్ద పట్నంలో పనిచేసి వచ్చిన మనిషి. ఇస్త్రీ మడత నలగకుండా కుర్చీలో కూర్చోవడం ఆయనొక్కడికే చేతనైన విద్య. మొదటిరోజు నేను హవాయి చెప్పులతో వెళ్ళి నమస్కారం పెడితే, నమస్కారం వంక చూడకుండా నా కాళ్ళ వంక చూశారు.

"ఏమయ్యా, కాలవకి స్నానానికి బయల్దేరి దారితప్పి ఇటొచ్చావా?" అన్నారు. "వచ్చే సోమవారం నాటికి బూట్లు కనపడాలి. నల్లవి."

ఆ మాట ఇంట్లో చెబితే మా నాన్నకి ఉద్యోగం వచ్చినరోజు కంటే ఎక్కువ సంతోషం కలిగింది. "బూట్లేనా! తప్పకుండా కొనాల్సిందే" అని ఆదివారం ఆరాధన కాగానే నన్ను వెంటబెట్టుకుని కాకినాడ బయల్దేరారు. ముక్తేశ్వరం రేవులో పడవెక్కి, అవతల కోటిపల్లిలో దిగి, ఇసకలో నడిచి, బస్సు పట్టుకున్నాం. కాకినాడంతా కాలికి బలపం కట్టుకుని తిరిగాం. ఏ కొట్టుకి వెళ్ళినా నేను బూటులో కాలు పెట్టడం, నా మొహం ముడుచుకోవడం, కొట్టతను "వాడగా వాడగా అయ్యే సర్దుకుంటాయండీ" అనడం. నాలుగో కొట్టులో మా నాన్న మొహం చూసి, ఇక నోరు మూసుకుని "బాగున్నాయండీ" అన్నాను. జీవితంలో నేను ఆడిన పెద్ద అబద్ధాల్లో అదొకటి.

నాన్న సంతోషానికి కారణం ఉంది. అది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, మా మామ్మ చెప్పని రోజు ఉండేది కాదు. నాన్నని కన్నతల్లి ఆవిడ. తాత పెళ్ళికి కిర్రుచెప్పులు కుట్టించుకున్నాడట. ఊళ్ళో పెద్దవీధి ఉంది, కామందుల ఇళ్ళన్నీ ఆ వీధిలోనే. బస్సు రోడ్డుకి వెళ్ళాలన్నా, ఎటు వెళ్ళాలన్నా మా పేటవాళ్ళకి అదే దారి. ఆ వీధిలో మావాళ్ళు కాళ్ళకి చెప్పులతో నడవకూడదు. తాత వీధి మొదట్లో చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, వీధి దాటాక మళ్ళీ తొడుక్కునేవాడు. "ఆ చెప్పులు అరగలేదురా, ఆయన చంకే అరిగింది" అనేది మామ్మ. నవ్వుతూనే చెప్పేది.

నేను పుట్టేనాటికి ఆ కట్టుబాటు సడలింది. నాన్న చెప్పులతోనే బడికి వెళ్ళేవారు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ బూట్లు వేరు. మా పేటలో అంతవరకు బూట్లు తొడిగిన కాలు లేదు. కాకినాడ నుంచి రాగానే మామ్మ డబ్బా విప్పించి, బూట్లు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో తుడిచింది.

"రేపు ఆపీసుకి తొడుక్కునెళ్ళు. పెద్దవీధిలోంచే ఎళ్ళు. నడిమజ్జలోంచి ఎళ్ళు" అంది.

వెళ్ళాను. మామ్మ వీధి చివరిదాకా నా వెనకే నడిచింది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళెవరూ ప్రత్యేకంగా చూసిందీ లేదు, ఏమన్నదీ లేదు. మామ్మ మాత్రం నా మడమల వంక చూస్తూ నడుస్తోందని నాకు తెలుసు. కానీ ఏం చెప్పను, ఆ వీధి నాకు గుర్తులేదు. ఎడమ బూటులో చిటికెన వేలి పక్కన ఒక అతుకు ఉంది. అక్కడ రెండు తోళ్ళు కలిసి లోపలికి మడత పడ్డాయి. దాని మీద నైలాను మేజోడు కుట్టు. అడుగు వేసినప్పుడల్లా ఆ రెండూ కలిసి, కంట్లో పడ్డ నలుసు ఎలా మొత్తం మనిషిని లోబరుచుకుంటుందో అలా నన్ను లోబరుచుకున్నాయి. నాన్న అడిగితే "కొంచెం కొత్త" అన్నాను. అది నొప్పి అని కూడా చెప్పలేను. నొప్పయితే ఓర్చుకోగలను. ఇది ఓర్పు అనే ఆలోచనని కూడా రానివ్వదు.

ఆఫీసులో మొదటి నాలుగు నెలలూ ఎలా నెట్టుకొచ్చానంటే, బల్ల కింద. వచ్చి కూర్చోగానే బూట్లు విప్పేసి, మేజోళ్ళు వాటిలో కుక్కి, పాదాలు చల్లటి గచ్చు మీద ఆనించేవాణ్ణి. అప్పుడు చూడాలి నా టైపు! ఏజెంటుగారి గంట మోగితే గబగబా బూట్లలో దూరి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం మా ఊళ్ళో బస్సు దిగి, అది మలుపు తిరగగానే బూట్లు విప్పి, లేసులు కలిపి ముడేసి, చేత్తో పట్టుకుని వట్టి కాళ్ళతో ఇంటికి నడిచి వచ్చేవాణ్ణి. అబ్బ, ఆ దుమ్ములో మొదటి అడుగు! రోజు మొత్తానికి నాకు దక్కిన సుఖం అదొక్కటే.

ఎన్నాళ్ళో సాగదు కదా. ఒకరోజు పైనుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చారు. ఏజెంటుగారు గంట కొట్టకుండా పేరు పెట్టి కేక వేశారు, కంగారుగా. నేను కాగితాలు పట్టుకుని పరుగెత్తాను. ఆ గదిలో తివాచీ ఉంది. తివాచీ మీద అడుగు పెట్టాక గానీ నాకు తెలియలేదు, నా కాళ్ళకేమీ లేవని. ఆ ఆఫీసరు నా పాదాల వంక చూసి, ఏజెంటుగారి వంక చూసి, "మీ బ్రాంచిలో ఇదే పద్ధతా?" అన్నారు. ఏజెంటుగారి చెవులు ఎర్రబడటం నేను చూశాను.

ఆ ఆఫీసరు వెళ్ళిపోయాక ఏజెంటుగారు నన్ను లోపలికి పిలిచారు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఇంకా రెండు నెలలుంది నీ ప్రొబేషను. పని బాగానే చేస్తావు. కానీ బూట్లు లేకుండా ఇంకొక్కసారి కనపడ్డావంటే రిపోర్టులో ఆ మాటే రాస్తాను. తరవాత నీ ఇష్టం, నీ అదృష్టం."

ఇంట్లో చెప్పక తప్పలేదు. చెప్పాక సలహాలు మొదలయ్యాయి. ఆముదం రాయమని ఒకరు. కొవ్వొత్తి రుద్దమని ఒకరు. అరటిదూట కుక్కి ఉంచమని మేనత్త. "అదేం లేదు, నువ్వే మనసు గట్టి చేసుకోవాలి" అని నాన్న. నాన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది, ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నాను. తాతని తొడుక్కోనివ్వలేదు, నన్ను తొడుక్కోమంటున్నారు, తొడుక్కోలేకపోతున్నాను. ఇంతకన్నా దరిద్రుడు ఉంటాడా? రాత్రీ పగలూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మామ్మ ఒక్కతే ఏ సలహా చెప్పలేదు.

మామ్మ బతుకంతా కొబ్బరి పీచు పని. మా ఇంటి వెనక కాలవ పక్కన గుంట ఉండేది. కాయ ఒలిచిన డొక్కలు అందులో వేసి, మీద బురద కప్పి, నెలల తరబడి నానబెట్టేవారు. నానాక తీసి కర్రతో బాదితే డొక్క కాస్తా పీచు పీచుగా విడిపోతుంది. దాన్ని మామ్మ తాడుగా పేనేది. ఆ గుంట కంపు భరించడం కొత్తవాళ్ళ తరం కాదు, మాకు మాత్రం అలవాటు. మామ్మకి లోకంలో తెలిసిన న్యాయం ఒకటే: ఎంత మొండిదైనా నానితే మెత్తబడాల్సిందే.

మీకీపాటికి తెలిసిపోయే ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున్న చర్చికి తయారవుతుంటే బూట్లు లేవు. ఇల్లంతా వెతికాం. మామ్మ వసారాలో కూర్చుని, ఏమీ ఎరగనట్టు తాడు పేనుతోంది.

"మామ్మా, నా బూట్లు చూశావా?"

"ఆయ్. నానబెట్టేను" అంది.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థం కాగానే గుంట దగ్గరికి పరుగెత్తాను. బురద కింద, రాయి కింద, డొక్కల మధ్య ఉన్నాయి నా బూట్లు. నిన్న మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నాయట. పైకి తీస్తే కుడి బూటు నోరు తెరిచింది. ఎడమదాని అడుగు నా చేతిలోకి ఊడి వచ్చింది. ఇక కంపంటారా, చెప్పక్కర్లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"నీకు బుద్ధుందా మామ్మా? అయ్యేమన్నా కొబ్బరి డొక్కలా! రేపు నేనేం మొహం పెట్టుకుని ఎళ్ళను? నా ఉద్యోగం ఊడగొట్టేవు గదా!"

ఆవిణ్ణి నేను అంతకుముందు ఏనాడూ ఒక్క మాట అనలేదు. నాన్న లోపల్నుంచి "నోరు ముయ్యి!" అని కసిరారు. మామ్మ తాడు పక్కన పెట్టింది.

"మెత్తబడతాయనుకున్నాన్రా" అంది. తలెత్తకుండానే మళ్ళీ అంది. "రోజూ సాయంత్రం పెద్దవీధిలోంచి ఆటిని చేత్తో పట్టుకునొస్తన్నావు. ఈ అరుగు మీంచి అగుపడతది. మొదటిరోజు చూసి మీ తాతే వస్తన్నాడనుకున్నాను. మీ తాతనంటే తొడుక్కోనివ్వలేదు. నిన్నెవడాపేడురా?"

నాలుగు నెలలుగా నేను ఆ వీధిలో హాయిగా దుమ్ము తొక్కుకుంటూ వస్తున్నాననుకున్నాను. ఆవిడ ఆ నాలుగు నెలలూ అరుగు మీద కూర్చుని ఏం చూసిందో నాకు తట్టనే లేదు. నన్నెవడూ ఆపలేదు మామ్మా, ఒక కుట్టు ఆపింది. ఆ మాట ఎలా చెప్పను? చెబితే మాత్రం ఏం అర్థమవుతుంది? సిగ్గుతో నేను చర్చికి కూడా వెళ్ళలేదు. గుంట గట్టున కూర్చుని బూట్లు కడుగుతూ ఏడ్చాను. ఏడుపుకి కారణం ఉద్యోగం కాదు.

సోమవారం తెల్లవారగానే మొదటి బస్సులో అమలాపురం వెళ్ళాను, బూట్లు గోనెసంచిలో కట్టుకుని. బస్సులో నా పక్క సీటు ఎవరూ కూర్చోకుండానే ఊరు చేరింది. బజారు మలుపులో గోనెపట్టా కప్పు కింద చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరు ఉండేవారు. సంచి విప్పగానే ఆయన ముక్కు మూసుకున్నారు.

"ఏంటండీ బాబూ ఇది! బూట్లేసుకుని చేపలకి దిగేరా ఏంటి?"

"మా మామ్మ నానబెట్టిందండీ. డొక్కల గుంటలో. మెత్తబడతాయని."

ఆయన నవ్వారు చూడండి, దగ్గొచ్చేదాకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, "ఆవిణ్ణేం అనకండీ. తోలుని మేవూ నానబెడతావండీ. కాపోతే కుట్టకముందు నానబెడతాం. ఆవిడకి పని తెలుసండీ, వరసే తెలీదు" అన్నారు.

ఆ మాటతో నా కోపం సగం దిగింది. ఆయన ఊడిన ఎడమ బూటు విప్పదీసి, లోపలి వైపు బొటనవేలితో తడుముతూ, "ఇంతకీ ఎక్కడండీ తవరికి ఇబ్బంది?" అన్నారు.

ఎక్కడ అని అడిగారు! అంతవరకు ఎవరూ అడగలేదు. ఎందుకు అని అడిగారు, ఏం రోగం అని అడిగారు, ఎక్కడ అని అడగలేదు. నేను వేలు పెట్టి చూపించాను. ఇక్కడ మడత. ఇక్కడ ముడి. ఇక్కడ మేకు మొన పైకి రాలేదు గానీ దాని తల ఉన్నచోటు తెలుస్తుంది. ఆయన నా మొహంలోకి అనుమానంగా చూసి, "ఓసారి కళ్ళు మూసుకోండి" అన్నారు. మైనం రాసిన దారం ఏదో నా కాలి మీద పరిచినట్టు తెలిసింది.

"ఎన్ని పోగులండీ?"

"రెండు."

"ఇప్పుడో?"

"ఒకటే. కానీ దానికి ముడుంది."

"ఆయ్" అన్నారు. "ఉందండీ ముడి."

నవ్వకండి, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా లోకంలో ఒక్కరూ నాతో ఆ "ఆయ్" అనలేదు. ఉన్నదే చెబుతున్నావు అని ఎవరూ అనలేదు. మా అమ్మ కూడా నా కష్టానికి మందు వేసిందే గానీ నమ్మకంతో కాదు, జాలితో.

"తవరి కాలు అబద్ధం చెప్పట్లేదండీ" అన్నారాయన. "అందరూ బూటు పట్టేసిందంటారు, ఎక్కడ పట్టిందో చెప్పినోరు లేరు. ఇంట్లో ఏం తొడుక్కుంటారండీ మరి? బట్టలైనా పడతాయా?"

నేను చొక్కా పై బొత్తాలు రెండు విప్పి, తిరగేసిన బనీను చూపించాను. సిగ్గేసింది, అయినా చూపించాను. ఆయన ఆ బనీను కుట్టుని చేత్తో పట్టుకుని చూశారు. తరవాత చేతిలో ఉన్న బూటు ముక్క వంక చూశారు. మళ్ళీ బనీను వంక చూశారు.

"ఓరి నా సామిరంగా" అన్నారు మెల్లగా. "అయితే బూటూ తిరగేసి కుడదావండీ."

పాత పేపరు పరిచి నన్ను దానిమీద నిలబెట్టి, పెన్సిలుతో నా పాదాల చుట్టూ గీత గీశారు. వేళ్ళ మీద అతుకు లేకుండా ఒకటే ముక్క. కుట్లన్నీ బయటికి, అడుగు అంచున. లోపల మేకతోలు. లేసు వద్దు. ఎనిమిది రోజులు పడుతుందన్నారు.

ఎనిమిది రోజులు! ఏజెంటుగారి గదికీ నాకూ మధ్య ఎనిమిది రోజులు వట్టి కాళ్ళు. అప్పుడు చేశాను నేనో తెలివితక్కువ పని. బొటనవేలికి దెబ్బ తగిలిందని చెప్పి, కుడి పాదానికి గుడ్డ కట్టు కట్టి, హవాయి చెప్పులతో వెళ్ళాను. ఏజెంటుగారు "సరే, జాగ్రత్త" అన్నారు. రెండు రోజులు గడిచాయి. మూడోరోజు మధ్యాహ్నానికి ఆ కట్టు అంచు నా ప్రాణం తీయడం మొదలుపెట్టింది. భరించలేక విప్పి, పాదానికి కాస్త ఊపిరి దొరుకుతుందని ఎడమ కాలికి కట్టాను. దెబ్బ కుడి కాలికి తగిలిందన్న సంగతి నాకు గుర్తే లేదు.

ఏజెంటుగారికి గుర్తుంది.

"ఏమయ్యా, పొద్దున్న కుడికాలు కదా?"

అబద్ధం ఇంకొకటి ఆడదామని నోరు తెరిచాను. రాలేదు. కుట్టాయన "ఆయ్" అన్న ధైర్యమేమో, ఉన్నదున్నట్టు చెప్పేశాను. కుట్టు సంగతి, మామ్మ గుంట సంగతి, బజారు మలుపు సంగతి. ఆయన ముక్కు మీద కళ్ళజోడు కిందికి జార్చి విన్నారు. నవ్వలేదు, జాలీ పడలేదు.

"అందరికీ గుచ్చుకుంటుందయ్యా. అలవాటవుతుంది" అన్నారు.

"నాకవదండి. చిన్నప్పటినుంచీ చూశాను."

ఆయన కాగితాల వైపు తిరిగారు. "వచ్చే మంగళవారం నీ కాళ్ళకి నల్లవి కనపడాలి. లోపలెలా ఉంటాయో నాకనవసరం. కనపడకపోతే మాత్రం నన్నేం అడగొద్దు."

మంగళవారం పొద్దున్న బజారు మలుపుకి వెళ్ళేటప్పటికి నా బూట్లు పేపరులో చుట్టి ఉన్నాయి. నల్లగా, గుండ్రంగా, అంచుల చుట్టూ తెల్ల దారం కుట్లు పైకి కనపడుతూ ఉన్నాయి. దారానికి కూడా నలుపు పూస్తానన్నారాయన. మేజోళ్ళు అమ్మ అప్పటికే తిరగేసి ఇచ్చింది. కాలు పెట్టాను. నిలబడ్డాను. నాలుగడుగులు నడిచాను.

నొప్పి కోసం వెతికాను. నిజమండీ, ఇంట్లో ఎప్పుడూ అరిచే మనిషి ఆ రోజు అరవకపోతే గది గదీ తిరిగి చూస్తామే, అలా వెతికాను. చిటికెన వేలు దగ్గర లేదు. మడమ దగ్గర లేదు. ఎక్కడా లేదు. హమ్మయ్య అన్న మాట అందరూ అంటారు గానీ, దాని అర్థం నాకు ఆ మలుపులో తెలిసింది. భుజాలు దిగాయి. పళ్ళు బిగించి ఉన్నానని పళ్ళు వదిలాక తెలిసింది. బజారులో అరటిగెలల బండివాడు అరుస్తున్న అరుపు, పక్క హోటల్లో పెసరట్టు వాసన, అన్నీ ఒక్కసారిగా నా దగ్గరికి వచ్చాయి. నాలుగు నెలలు ఆ బజారులోంచే నడిచాను, ఒక్కటీ ఎరగను.

"ఎలా ఉందండీ?" అన్నారాయన.

"ఏమీ లేదండీ" అన్నాను.

"ఆయ్. అదే కావాలండీ మనకి" అన్నారు, ఇంకెవరిదో చెప్పు అందుకుంటూ.

ఏజెంటుగారు కళ్ళజోడు సర్దుకుని నా కాళ్ళ వంక చూశారు. "కుట్లు బయటికున్నాయేమిటయ్యా?" అన్నారు. "అవునండి" అన్నాను. ఇంకాసేపు చూసి, "నల్లగానే ఉన్నాయి. సరే, కానివ్వు" అని పనిలో పడ్డారు. అంతే. రెండు నెలల తరవాత నా రిపోర్టు ఆయన చెబుతుంటే టైపు చేసింది నేనే. బ్రాంచిలో ఇంకో టైపిస్టు లేడు మరి. "దుస్తులు, నడవడిక తృప్తికరం" అన్న చోట నా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆయన కిటికీ వైపు తిరిగి, "ఆగావేం? కొట్టు" అన్నారు. తరవాత ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. ఎన్ని జతలు మారాయో చెప్పలేను, పెద్దాయన తరవాత ఆయన కొడుకు కుట్టాడు. ఒక్కటీ తిన్నగా కుట్టింది లేదు.

కానీ ఆ మంగళవారం సాయంత్రం సంగతి చెప్పలేదు మీకు.

మా ఊళ్ళో బస్సు దిగాను. బస్సు మలుపు తిరిగింది. అలవాటు కొద్దీ నడుం వంగింది, చేయి లేసు కోసం వెళ్ళింది. లేసు లేదు. అలా వంగినవాణ్ణి వంగినట్టే ఉండి, కాసేపటికి నవ్వుకుని లేచాను. పెద్దవీధిలో నడిచాను, మామ్మ చెప్పినట్టు నడిమధ్య నుంచి. అరుగు మీద ఒకాయన "ఏం అబ్బాయ్, ఆఫీసు నించేనా?" అన్నారు. "ఆయ్ అండీ" అన్నాను. ఆయన మళ్ళీ పేపరులో తల పెట్టారు.

మామ్మ మా అరుగు మీదే ఉంది. ఆ ఆదివారం నుంచీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నేనూ క్షమించమని అడగలేదు, ఎలా అడగాలో తెలియక. అప్పటికే ఆవిడకి చూపు మందగించింది. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఎవరూ?"

"నేనే మామ్మా."

"చేతులు చూపించు."

ఒక చేతిలో టిఫిను డబ్బా ఉంది. అది అరుగు మీద పెట్టి రెండు చేతులూ చాపాను. ఆవిడ నా అరచేతులు తడిమింది, తిప్పి వెనక వైపు తడిమింది, చంకలో ఏమీ లేదు కదా అని రెక్క కూడా ఎత్తి చూసింది. తరవాత కిందికి వంగి బూట్ల మీద చెయ్యి వేసింది. బయటికున్న కుట్టు వెంబడి వేలు పోనిస్తూ చుట్టూ తిరిగి వచ్చింది. పేనిన తాడు సరిచూసే మనిషి కదా, ఏమీ అడగకుండానే సంగతి తెలిసిపోయింది.

"లోపల నొప్పెడతన్నాయా?"

"లేదు మామ్మా."

"నిజం చెప్పు. నా కోసం చెప్పకు."

"నిజంగానే లేదు. మామ్మా, ఆ రోజు నేను నిన్నన్న మాట..."

"ఆ డబ్బా ఇక్కడే ఉండనీ" అంది ఆవిడ, నా మాట వినిపించుకోకుండా. కొంగుతో ఒకసారి కళ్ళు తుడుచుకుని, అరుగు మీద సర్దుకుని కూర్చుంది. "ఎనక్కెళ్ళి, బస్సు కాడి నించి మళ్ళీ నడిచి రా. ఇందాక నాకు సరిగ్గా అగుపడలేదు. ఈసారి చేతులూపుకుంటా రా."

వెళ్ళాను. చేతులూపుకుంటూ వచ్చాను.